అనసూయమ్మ కోళ్ళు తిన్న గడ్డి

ఫిలింనగర్ వాలులో నీళ్ళ ట్యాంకరు నడిపేవాడు అనసూయమ్మ గది దగ్గరికి రాగానే హారన్ మీదినుంచి చెయ్యి తీసేసేవాడు. కోళ్ళు బెదిరి గుడ్లు మానేస్తాయని ఒకనాడు ఆమె అతన్ని సీట్లోంచి కిందికి దింపి, చుట్టుపక్కల నాలుగు బంగళాల కిటికీలు తెరుచుకునేదాకా తిట్టింది. మనిషి చూస్తే ఇంతే ఉంటుంది, పొట్టిగా, గట్టిగా, కొంగు ఎప్పుడూ నడుముకు బిగించి. నోరు మాత్రం షేక్‌పేట దాకా వినిపిస్తుంది. ఈమెకింత కోపమేమిటని విసుక్కునే పెద్దమనుషులు ఆ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. విసుక్కోవడానికేం, కడుపు చల్లగా ఉంటే ఎవరైనా విసుక్కుంటారు. తొంభై రెండు మే నెలలో ఆమెకు జరిగింది వాళ్ళకు జరిగి ఉంటే అప్పుడు తెలిసేది.

ఆమె పుట్టింది షేక్‌పేటలోనే. మొగుడు హనుమంతు బండలు కొట్టేవాడు. శ్రీనగర్ కాలనీలో ఉండే సత్యనారాయణమూర్తి అనే ఆయన ఈ వాలులో ప్లాటు కొని, ఇల్లు తర్వాత కట్టుకుందామని ముందుగా ఓ మూలన రేకుల గది వేసి, వీళ్ళిద్దరినీ కాపలా పెట్టాడు. అది ఎనభై రెండో సంవత్సరం మాట. పిల్లలు లేరు. ఆ గదిలోకి వచ్చేటప్పుడు అనసూయమ్మ తల్లి గంపలో ఒక పెట్టనూ ఒక పుంజునూ పెట్టి ఇచ్చింది. నల్లటి కోళ్ళు. ఎండలో చూస్తే ఈకల మీద నీలం మెరుస్తుంది. కాళ్ళూ నలుపే. ఆ తల్లికి ఆమె తల్లి ఇచ్చిన జాతి అది. ఏడాది తిరక్కుండానే తల్లి పోయింది. షేక్‌పేటలో మిగిలిన ఆ జాతి కోళ్ళన్నీ ఒక్కొక్కటే కోతకు పోయాయి. ఇక ఎక్కడైనా మిగిలిందంటే అనసూయమ్మ గూట్లోనే. పదేళ్ళపాటు బయటి పుంజును తన పెట్టల దరిదాపులకు రానివ్వలేదు. ఆ ఎండాకాలానికి మొత్తం ఇరవై రెండు కోళ్ళయ్యాయి.

కోళ్ళకు గింజలు చల్లితే చాలనుకునేవాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. "ఉట్టి జొన్నలు తిని నువ్వు బతుకుతవా?" అని ముఖమ్మీదే అడిగేది. పచ్చ మేత లేకపోతే సొన పాలిపోతుంది, పెంకు పలచబడుతుంది, కోళ్ళు ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటాయి. తల్లి చెప్పగా విన్నవీ, తను కళ్ళారా చూసినవీ ఇవి. మొదట్లో ఆ బెంగే లేదు. తొలకరి పడితే గుట్టంతా గడ్డి. బండల సందున గంగవాయిలి కూర. కోళ్ళే పోయి తినొచ్చేవి. తర్వాత మద్రాసు నుంచి సినిమావాళ్ళు ఇటు కదలడం ఎక్కువైంది. బండలు పేల్చారు, చదును చేశారు, ప్లాటు తర్వాత ప్లాటుకు గోడ లేపారు. గోడ లోపల మెత్తటి పచ్చిక, దానికొక తోటమాలి, ఒక పైపు. గోడ బయట దుమ్ము.

సరే, గడ్డి లేకపోతే ఇంకోటి. పొద్దున్నే టోలిచౌకి నడిచిపోయి, కూరగాయల బండ్ల దగ్గర పారేసిన క్యాబేజీ ఆకులూ ముల్లంగి ఆకులూ కొత్తిమీర కాడలూ ఏరుకొచ్చేది. ఒక బంగళా గోడమీదుగా బయటికి వంగిన మునగకొమ్మ దూసుకొచ్చేది. గోనెసంచి తడిపి దానిమీద నానిన జొన్నలు పరిచి, వేలెడు మొలక పచ్చగా లేచాక సంచితో సహా తెచ్చి కోళ్ళముందు పరిచేది. ఆకు ఏదైనా కత్తిపీట మీద సన్నగా తరిగే వేసేది. పొడుగు పీచు మింగితే కోడి మెడకింద తిత్తిలో ఉండచుట్టుకుని ప్రాణం మీదికొస్తుంది. తరిగే తీరిక లేనినాడు కట్టగట్టి, ముక్కుకు అందీ అందని ఎత్తున తాడుకు వేలాడదీసేది. అలా అయితే కొద్దికొద్దిగా తుంచుకుని తింటాయి. బంగళాల మాలీలు కత్తిరించిన పచ్చిక ఇస్తామంటే మాత్రం, "పురుగుల మందు గిట్ల కొట్టిండ్రా?" అని మూడుసార్లు అడిగి, వాసన చూసి, అప్పటికీ నమ్మకం కుదరక వట్టి చేతులతో తిరిగొచ్చేది. అంత జాగ్రత్త.

ఆ మే నెలలో అన్నీ ఒక్కసారే పోయాయి. కారు షెడ్డుకు అడ్డమని మునగచెట్టు నరికించారు. టోలిచౌకి బండ్ల ఆకు మొత్తం ఎవరో బర్రెల కొట్టం ఆయన మాట్లాడుకుని రోజూ రిక్షాలో ఎత్తుకుపోతున్నాడు. ఏం, ఆయన బర్రెలవే నోళ్ళా, ఈమె కోళ్ళవి కావా? వాడితో రెండు రోజులు జగడమాడింది, లాభం లేకపోయింది. మొలకలు వేద్దామంటే రోజుకు రెండుసార్లు తడపాలి. ట్యాంకరేమో రెండు రోజులకోసారి వచ్చి గదికి నాలుగు బిందెలు పోసి పోతుంది. ఆ నాలుగు బిందెల్లో మనుషులు తాగాలా, స్నానం చెయ్యాలా, జొన్నలకు పొయ్యాలా? అటుపక్క గోడవతల మాలీ పైపు పట్టుకుని పచ్చికకు గంటసేపు నీళ్ళు కొట్టేవాడు. ఆ చప్పుడు వింటుంటే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది.

పది రోజులకు కోళ్ళు ఈకలు పీక్కోవడం మొదలుపెట్టాయి. ఒక పెట్ట వీపంతా బోడిదై నెత్తురు చిమ్మింది.

"కోళ్ళే గదనే, జర ఆగు. వానలొస్తయి," అన్నాడు హనుమంతు.

"నువ్వాగు నెల దినాలు తిండి లేకుంట. నేను చూస్త," అందామె.

సరిగ్గా అప్పుడే పక్క ఖాళీ ప్లాటులో సెట్టు వేశారు. పల్లెటూరి పాటట. హీరోయిన్ పచ్చిక మీద దొర్లాలట. లారీల్లోంచి గడ్డిని చాపలు చాపలుగా దింపుతుంటే అనసూయమ్మ గోడ దగ్గర నిలబడి నవ్వింది. పదేళ్ళలో ఆమె చూడని సెట్టా? బండరాయంటే అట్టముక్క, గుడి స్తంభమంటే థర్మోకోల్. ఈ గడ్డి కూడా ఏ ప్లాస్టిక్కో అనుకుంది. అయినా మనసూరుకోక వెళ్ళి ఒక పరక పీకింది. వేరుంది. వేరుకు బురద మట్టి ఉంది. మట్టిలో వానపాము మెలికలు తిరుగుతోంది. అసలు గడ్డే, ఏ చెరువుగట్టు నుంచో కోసుకొచ్చారు. ఆమె ప్రాణం లేచొచ్చింది.

సెట్టు పని చూసే అసిస్టెంటు సుబ్రహ్మణ్యం అక్కడే ఉన్నాడు. "షూటింగ్ అయినంక గీ గడ్డి నాకిస్తరా, బాబూ?" అని అడిగింది.

"దాందేముందమ్మా? నాలుగు రోజులాగితే ఎలాగూ పారేసేదే. మీరే తీసుకెళ్ళండి," అన్నాడతను.

ఆ నాలుగు రోజులూ ఆమె గోడమీదుగా చూస్తూనే ఉంది. బండలు పగిలే ఎండ. గడ్డి మాత్రం ఎక్కడా వాడలేదు, పైగా మొదటి రోజుకన్నా పచ్చగా ఉంది. ఆమె అనుమానపడి ఉండాల్సింది. కానీ కోపంలో ఉన్న మనిషికి కోపానికి తగిన కారణమే తోస్తుంది. "మనుషులకు నాలుగు బిందెలు. గడ్డికి మాత్రం లారీలకు లారీలు పోస్తున్నరు, దొంగ సచ్చినోళ్ళు!" అని మొగుడి ముందు పళ్ళు కొరికింది. నీళ్ళు పోస్తున్నారు గనకే పచ్చగా ఉందనుకుంది.

నాలుగోనాడు సాయంత్రం సుబ్రహ్మణ్యం గోడ దగ్గరికి వచ్చి పిలిచాడు. ఒక పక్క గడ్డి ఎత్తేశారు, తీసుకెళ్ళమన్నాడు. రెండు గంపలు తెచ్చుకుంది. కత్తిపీట ముందేసుకుని ఒక గంపెడు సన్నగా తరిగింది. చేతులు పచ్చబడ్డాయి. ఆకు తరిగితే పసరంటుకోవడం ఆమెకు కొత్తా? కడగడానికి నీళ్ళెక్కడివి? పెద్ద కోళ్ళు పదమూడూ ఒకదానిమీద ఒకటి పడి ముక్క మిగల్చకుండా తిన్నాయి. వేరే గూట్లో ఉన్న ఎనిమిది పడుచు కోళ్ళ కోసం రెండో గంప పొద్దుటికని దాచింది. ఇక గది మూల పొదుగు మీదున్న పెట్ట ఒకటి. పదకొండు గుడ్ల మీద కూర్చుని పందొమ్మిది రోజులైంది. గడ్డి వాసన తగిలినా అది లేవలేదు.

చాలా రోజుల తర్వాత ఆ సాయంత్రం అనసూయమ్మ ఎవర్నీ తిట్టలేదు.

తెల్లారి గూడు తలుపు తీసేసరికి ఆరు కోళ్ళు చచ్చి పడున్నాయి. మిగతా ఏడూ మెడలు వాల్చేసి, ముక్కుల వెంట నురగ కారుస్తూ, ఆకుపచ్చగా రెట్ట వేస్తున్నాయి. తల్లి ఇచ్చిన పుంజుకు మనవడి వరసైన ముసలి పుంజు ఆమె ఒళ్ళోనే తన్నుకుని తన్నుకుని పోయింది. హనుమంతు ఆ పచ్చ రెట్ట చూసి నెత్తి కొట్టుకున్నాడు. "కొక్కెర తెగులే ఇది. పచ్చగ పారుకుంటయి, మెడలేస్తయి. మిగిలినయి ఇప్పుడే కోసెయ్యాలె. ఒకదానికి అంటుకుంటే ఊళ్ళ కోళ్ళన్నిటికీ పాకుతది."

ఆ చుట్టుపక్కల అందరూ చేసేదదే. తెగులొచ్చిన ఇంట్లో బాగున్న కోళ్ళక్కూడా కత్తి తప్పదు. అనసూయమ్మకు ఆ సంగతి తెలుసు. కానీ తిన్నవన్నీ పడిపోయి, తినని తొమ్మిదీ నిక్షేపంగా ఉండడమేమిటి? చచ్చిన పెట్టను కాళ్ళు పట్టి ఎత్తుకుని సెట్టు మీదికి పోయింది.

ప్రొడక్షన్ మేనేజరు వీరరాఘవయ్య కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. బెజవాడ మనిషి, తెల్లబట్టలు, మాట తేనె. పది అడుగుల దూరంలో రంగురంగుల గొడుగు కింద హీరోయిన్ జుట్టు దువ్వించుకుంటోంది.

"సారూ, గా గడ్డికి ఏమన్న కొట్టిండ్రా? మందా, రంగా, ఏదన్నగానీ. నాకు మీ పైసలొద్దు, మీతోని లొల్లి పెట్టుకోను. ఒక్క మాట చెప్పుండ్రి చాలు," అంది అనసూయమ్మ. ఆమె అంత మెల్లగా మాట్లాడడం ఎవరూ వినలేదు. "గడ్డితోని సచ్చినయంటే తినని తొమ్మిదితోని నా జాతి నిలుస్తది. తెగులంటే ఇప్పుడే పోయి నా చేతులతోని కోసుకోవాలె. మీరు అవ్ అంటే బతుకుతయి."

వీరరాఘవయ్య కళ్ళు ఒక్కసారి గొడుగు వైపు పోయి వచ్చాయి. తర్వాత లేచి నిలబడ్డాడు. గొంతు అవసరానికి మించి పెంచాడు.

"భలేవారండీ! రంగేంటండీ, మందేంటండీ? ఒరిజినల్ గడ్డేనమ్మా అది. చెరువుగట్టు నుంచి తెప్పించాం. చుక్క రంగు పడలేదు దానిమీద. నా మాట నమ్మండి. మీ కోళ్ళకేదో తెగులు తగిలుంటుందండీ, పాపం." అని రెండు చేతులూ జోడించాడు.

ఆమెను అండీ అని పిలిచినవాడు ఆ పేటలో ఇంకొకడు లేడు. పైగా వేరు పీకి చూసింది తనే కదా. నమ్మింది.

మధ్యాహ్నానికి మిగతా ఆరూ పోయాయి. అప్పుడు కత్తి తీసుకుంది. హనుమంతు తాను కోస్తానంటే, "నా కోళ్ళ మీద చెయ్యేస్తే నీ చెయ్యి నరుకుత," అని వాకిట్లోకి నెట్టేసింది. పడుచు కోళ్ళు ఎనిమిదీ ఆమె చేతికి అలవాటు పడ్డవి. పిలిస్తే వచ్చాయి. పారిపోయి ఉంటే కొంత నయంగా ఉండేది. ఒక్కొక్కదాన్నీ పట్టుకుని ముగించింది. కూర వండలేదు, ఎవరికీ ఇవ్వలేదు. ప్లాటు వెనక గొయ్యి తీయించి పూడ్పించింది.

పొదుగు పెట్ట జోలికి సాయంత్రందాకా పోలేదు. గుడ్డు తీసి చెవికి ఆనించుకుంటే లోపల కదలిక తెలుస్తోంది. ఇంకొక్క రోజు, మహా అయితే రెండు రోజులు. "దాన్ని ఉంచితే పిల్లలక్కూడ అంటుతది, ఏం లాభం?" అన్నాడు హనుమంతు బయటినుంచే. గుండె రాయి చేసుకుని దాన్నీ కోసింది. గుడ్లను మాత్రం పారెయ్యలేక పాత చీర చుట్టి, ఊకలో పెట్టి, ఎండ తగిలే రేకు కింద ఉంచింది. మే నెల వేడికి ఒక్కటైనా నిలవకపోతుందా అనుకుంది. మర్నాడు చెవికి ఆనించుకుంటే రెండిట్లో కదలిక ఉంది. ఆ మర్నాడు ఒక్కదాంట్లోనూ లేదు.

ఆ పొద్దున్నే లక్ష్మయ్య వచ్చాడు. సెట్లకు రంగులేసేవాడు, షేక్‌పేట మనిషే, ఆమెను అక్కా అంటాడు. రెండు రోజులు వేరే షూటింగుకు పోయి, తిరిగొచ్చి చాయ్ బండి దగ్గర సంగతి విన్నాడట. వాకిట్లో ఖాళీ గూడు చూసి అక్కడే చతికిలబడ్డాడు.

"గా గడ్డికి రంగు నేనే కొట్టిన, అక్కా. రెండో దినానికే పసుపచ్చగైంది. పచ్చ డిస్టెంపరు, జిగురు, జిగురు మురగకుంట ఇంత మైలుతుత్తం. రాత్రిపూట మిషిన్‌తోని కొట్టిన. నువ్వు కోళ్ళకేస్తవని నాకు తెల్వదు, అక్కా, నీ కాళ్ళు మొక్కుత."

మైలుతుత్తమంటే ఆమెకు తెలియకపోవడమేమిటి? బండల దగ్గర తేళ్ళూ జెర్రులూ తిరిగే పేట, వాటి బొరియల్లో ఆ విషమే పోస్తారు. చిటికెడు చాలు కోడికి.

"మరి గా మేనేజరు రంగే లేదనె?"

లక్ష్మయ్య తల దించుకున్నాడు. "హీరోయిన్ గారికి రంగు గడ్డి పడదంట. ఒంటికి దద్దుర్లొస్తయంట. రంగు కొట్టిన గడ్డి మీద కాలు పెట్టనని ముందే చెప్పిందంట. అందుకని ఆమెకు ఒరిజినల్ గడ్డి అని చెప్పిండ్రు. మమ్మల్ని ఎవ్వరూ నోరు మెదపొద్దన్నడు. నువ్వు అడిగినప్పుడు ఆమె గాడనే ఉండెనంట గద."

అందుకన్నమాట. ఒక ఆడమనిషి పదడుగుల దూరంలో జుట్టు దువ్వించుకుంటోందని, ఆమె చెవిన పడకూడదని, ఆ పెద్దమనిషి చేతులు జోడించి మరీ అబద్ధమాడాడు. గొంతు పెంచింది అనసూయమ్మ కోసం కాదు, గొడుగు కోసం. ఏమడుగుతోందో, ఎందుకడుగుతోందో, అవునంటే ఏమవుతుందో, కాదంటే ఏమవుతుందో ఆమె విడమరిచి చెప్పింది కదా! తెలియక అన్న మాటైతే సరిపెట్టుకోవచ్చు. తెలిసి తెలిసి ఎనిమిది పడుచు కోళ్ళ మెడల మీదికీ ఒక పొదుగు పెట్ట మెడ మీదికీ ఆమె చేతే కత్తి పెట్టించాడు. ఆ మనిషిని ఏమనాలి? ఏమన్నా తక్కువే.

అనసూయమ్మ ఏడవలేదు. గుడ్లున్న గంప చంకన పెట్టుకుని లేచింది. "ఏడికే?" అని హనుమంతు అడ్డం రాబోయి, ఆమె ముఖం చూసి పక్కకు తప్పుకున్నాడు.

సెట్టు మీద టిఫిన్ల వేళ. కొబ్బరాకుల పందిట్లో వీరరాఘవయ్య పళ్ళెంలో ఇడ్లీలు పెట్టుకుని చట్నీ కలుపుకుంటున్నాడు. గొడుగు ఈరోజూ అంతే దూరంలో ఉంది.

"రండమ్మా, రండి! టిఫిన్ చేశారా?" అన్నాడు.

"మైలుతుత్తం కలిపిండ్రంట గద," అంది.

అతని చెయ్యి ఆగింది. ఆమె వెంట వచ్చి వెనక నిలబడ్డ లక్ష్మయ్యను చూశాడు. ముఖంలో రంగులు మారాయి గానీ మాట మాత్రం తొణకలేదు. "చూడండమ్మా, జరిగిందేదో జరిగిపోయింది. షూటింగన్నాక సవాలక్ష ఉంటాయి. మీకు కొత్త కోళ్ళు ఇప్పిస్తాం, సరేనా? ఇరవై కాదు, ముప్పై. ఏ జాతి కావాలంటే ఆ జాతి."

"ఏ జాతి కావాల్నంటే ఆ జాతా?"

"అవునండీ."

ఆమె గంపలోంచి ఒక గుడ్డు తీసింది. అతని పళ్ళెం అంచుకు కొట్టి, రెండు బొటనవేళ్ళతో విప్పింది. పెంకులోంచి ఇడ్లీల మధ్యకు కోడిపిల్ల జారింది. పూర్తిగా తయారైన పిల్ల. తడి ఆరని నల్లటి నూగు, నల్లటి కాళ్ళు, మూసిన కళ్ళు, పెంకు పొడవడానికి సిద్ధమైన ముక్కు.

"గీ జాతి కావాలె. ఇప్పియ్యి," అంది అనసూయమ్మ.

పందిట్లో తింటున్నవాళ్ళందరూ ఆగిపోయారు. సుబ్రహ్మణ్యం ముఖం తిప్పేసుకున్నాడు. వీరరాఘవయ్య కుర్చీ వెనక్కి జరిపి లేచాడు, పళ్ళెంకేసి చూడలేక, గొడుగు వైపు చూశాడు.

"ఒక్క మాట అడిగిన నిన్ను!" ఆమె గొంతు లేచింది. "బతిమాలి అడిగిన! అవ్ అంటే ఇయ్యాల ఇవి నా వాకిట్ల తిరుగుతుండె! ఎందుకు చెప్పకపోతివి? చెప్పు, ఎందుకు చెప్పకపోతివి?"

"అమ్మా, మీకు దణ్ణం పెడతాను," అన్నాడతను, గొంతు బాగా తగ్గించి, నిజంగానే చేతులు జోడించి. "కొంచెం మెల్లగా మాట్లాడండి. మేడం గారు వింటారు."

అనసూయమ్మ గంపలోంచి ఇంకో గుడ్డు తీసుకుని గొడుగు వైపు నడిచింది.